రాబోయే ఎక్స్‌పాన్షన్ కథ లీకయిందంటే, దానిని తూచడం ఎలా

ఆన్‌లైన్ ఫాంటసీ ఆటలలో ఒక ఎక్స్‌పాన్షన్ (ఆటకు కొత్త కథ, కొత్త ప్రదేశాలు చేర్చే పెద్ద అనుబంధం) చివరి రెయిడ్ (చాలామంది ఆటగాళ్లు కలిసి చేసే పెద్ద పోరు) ముగిసి, తరువాతిదాని ప్రకటన ఇంకా వెలువడని కొన్ని నెలల ఖాళీలోనే పుకార్లు పుట్టుకొస్తాయి. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌నే తీసుకుంటే, 2004 నవంబరులో మొదలైన ఆ ఆటకు 2016, 2018, 2020, 2022, 2024 సంవత్సరాలలో, అంటే ఇంచుమించు రెండేళ్లకొకటి చొప్పున ఎక్స్‌పాన్షన్లు వచ్చాయి. కాబట్టి లీకులు ఎప్పుడు ముమ్మరమవుతాయో క్యాలెండరు చూసి చెప్పవచ్చు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్టు, ఎక్స్‌పాన్షన్ పేరైనా తెలియకముందే చివరి బాస్ (పోరులో ఓడించవలసిన ప్రధాన శత్రువు) ఎవరో, ఎవరు ఎవరికి ద్రోహం చేస్తారో పూర్తి కథ చేతికి అందుతుంది.

ఆ కథలు చదవడం తప్పేమీ కాదు, నాకూ అదొక సరదా. అయితే చదివినదానిలో ఎంత నమ్మాలో తేల్చుకునే పద్ధతి ఒకటి ఉండాలి. ఇక్కడ చెప్పబోయే పద్ధతి అంతా ఒకే పరిశీలన మీద నిలబడింది. పేర్లు, బొమ్మలు, జాతులు, ప్రదేశాలు సులువుగా బయటపడతాయి. అవి కథలో ఎందుకు ఉన్నాయో, ఏ వరుసలో వస్తాయో మాత్రం అంత సులువుగా బయటపడదు. లీకులోని వాక్యాలను ఈ రెండు రాశులుగా వేరుచేయడం అలవాటైతే సగం పని అయినట్టే.

ముందు దారిని తేల్చుకోవాలి

లీకు చేతికి రాగానే అది ఏ దారిన బయటపడిందో చూడాలి. కథ నిజమో కాదో ఆ తరువాతి సంగతి. దారులు నిజానికి కొన్నే ఉన్నాయి.

మొదటిది ఆట ఫైళ్లు. కొత్త ప్యాచ్‌ను (ఆటకు వచ్చే మార్పుల మూటను) అందరికీ విడుదల చేసేముందు టెస్ట్ సర్వర్‌లో పెట్టే ఆటలలో, ఆ ప్యాచ్ ఫైళ్లు ఆటగాళ్ల కంప్యూటర్లకు చేరతాయి. వాటిని విప్పి వస్తువుల పేర్లు, పాత్రల మాటలు, పటాలు, శబ్దాలు వెలికితీయడాన్నే డేటామైనింగ్ అంటారు. దీనికి నాకు ఎంతో ఇష్టమైన ఉదాహరణ 2009 ఆగస్టు నాటిది. అప్పుడు వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ టెస్ట్ సర్వర్‌లోకి వచ్చిన ఒక ప్యాచ్‌లో, ఆటలో జరిగే హాలోవీన్ వేడుక కోసం ముసుగులు ఉన్నాయి. అంతవరకు ఆ ముసుగులు ఆటగాళ్లు ఎంచుకోగలిగిన జాతులకే ఉండేవి. కొత్తగా వచ్చిన వాటిలో గాబ్లిన్ ముసుగు, వార్గెన్ (తోడేలు మనిషి) ముసుగు కనిపించాయి. మెళకువ గల ఆటగాళ్లకు అది చాలింది. అదే నెల 21న, ఆట తయారుచేసే బ్లిజర్డ్ కంపెనీ జరిపే బ్లిజ్‌కాన్ సభ వేదికపై కాటక్లిజం ఎక్స్‌పాన్షన్‌ను ప్రకటించినప్పుడు ఆ రెండు జాతులూ ఆటగాళ్లకు దక్కుతాయని తేలింది. గమనించవలసినది ఏమిటంటే, ఆ ముసుగులు జాతుల సంగతి చెప్పాయే కాని డెత్‌వింగ్ అనే పాత డ్రాగన్ శత్రువు తిరిగి వస్తాడని గాని, పాత ప్రపంచం బద్దలవుతుందని గాని చెప్పలేదు. ఫైళ్లకు కథ తెలియదు, సామాన్లు మాత్రమే తెలుసు.

పైగా కంపెనీలు ఇప్పుడు జాగ్రత్తపడ్డాయి. ముఖ్యమైన కట్‌సీన్లను (కథను సినిమాలా చూపించే దృశ్యాలను), చివరి బాస్‌కు సంబంధించిన ఫైళ్లను తాళం వేసి పంపిస్తాయి. ఆ ఫైళ్లు ముందుగానే మన కంప్యూటర్‌లోకి చేరినా, సర్వర్ తాళంచెవి పంపేదాకా తెరుచుకోవు. అందువల్ల ఈ రోజులలో ఎవరైనా "ఫైళ్ల నుంచి చివరి కట్‌సీన్ దొరికింది" అంటే మామూలు కంటె రెట్టింపు అనుమానంతో చూడాలి.

రెండవది కంపెనీ తనంతట తాను చేసే పొరపాటు. వెబ్‌సైటు కోడ్‌లో ముందే పెట్టేసిన పేరు, అమ్మకపు పేజీకి ముందుగా ఎక్కించిన బొమ్మ ఇటువంటివి. 2022 ఏప్రిల్ 19న డ్రాగన్‌ఫ్లైట్ ఎక్స్‌పాన్షన్‌ను ప్రకటించడానికి కాస్త ముందు ఆ పేరు బ్లిజర్డ్ వెబ్‌సైటు కోడ్‌లోనే కనబడింది. ఇది చాలా గట్టి దారి, కాని ఇక్కడ కూడా దొరికేది పేరే.

మూడవది ట్రేడ్‌మార్కు దరఖాస్తు. ఇది ప్రభుత్వ రికార్డు కాబట్టి ఎవరైనా చూడవచ్చు. దరఖాస్తులో వస్తువుల తరగతి కూడా ఉంటుంది: ఆట సాఫ్ట్‌వేర్‌కు 9వ తరగతి, వినోద సేవలకు 41, బొమ్మలకు 28, ముద్రిత పుస్తకాలకు 16. పేరు చూసి ఊరుకోకుండా తరగతి కూడా చూడాలి. 2011 ఆగస్టు నాటికి మిస్ట్స్ ఆఫ్ పాండారియా అనే పేరిట వేసిన దరఖాస్తు ఆటగాళ్ల కంటపడింది. పాండా మనుషులు 2002లో ఏప్రిల్ ఒకటో తారీఖు పరిహాసంగా పుట్టినవారు. ఆ మరుసటి ఏడు వార్‌క్రాఫ్ట్ 3 అనుబంధంలో ఒక హీరోగా కనబడ్డారంతే. అందుచేత అదేదో కామిక్ పుస్తకమో బొమ్మల వరుసో అయివుంటుందని చాలామంది కొట్టిపారేశారు. అక్టోబరు 21న అదే పేరుతో ఎక్స్‌పాన్షన్ ప్రకటన వచ్చింది. ఈ సంగతి మళ్లీ అవసరమవుతుంది, గుర్తుంచుకోండి.

నాలుగవది మనిషి నోటిమాట: "నేను అక్కడ పనిచేస్తున్నాను", "నా స్నేహితుడు ఆల్ఫా (ఆట తొలి పరీక్ష రూపం) ఆడాడు". ఈ దారిలో నిజాలు రాకపోవు. కాటక్లిజం ప్రకటనకు కొద్ది రోజుల ముందే ఎమ్ఎమ్ఓ-ఛాంపియన్ అనే అభిమానుల సైటు కొత్త జాతుల గురించీ, పాత భూభాగాల మార్పుల గురించీ రాసినది తరువాత నిజమైంది. అయితే ఆ సైటుకు అప్పటికే ఒక పేరుంది, తప్పయితే ఆ పేరు పోతుంది. నిన్న సాయంత్రం పుట్టిన ఖాతాకు పోగొట్టుకోవడానికి ఏమీ లేదు.

ఆట వ్యవస్థతో సరిచూడటం

దారి పేరు చెప్పగానే ఒప్పుకోకుండా, ఆ ఆటకు అసలు అటువంటి దారి ఉందా అని చూడాలి. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌కు అందరికీ తెరిచే టెస్ట్ సర్వర్ ఉంది, ఎక్స్‌పాన్షన్లకు బీటా (విడుదలకు ముందు ఆటగాళ్లతో చేయించే పరీక్ష) కూడా ఉంటుంది. ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్‌కు కంప్యూటర్ ఆటగాళ్ల కోసం టెస్ట్ సర్వర్ ఉంది. ఫైనల్ ఫాంటసీ 14కు అటువంటిది లేదు. కాబట్టి "ఫైనల్ ఫాంటసీ 14 టెస్ట్ సర్వర్ ఫైళ్లలో దొరికింది" అని మొదలయ్యే లీకును ఆ వాక్యం దగ్గరే ఆపేయవచ్చు. ఆ ఆటకు విడుదలకు ముందు కంపెనీ స్వయంగా ఇచ్చే బెంచ్‌మార్క్ సాఫ్ట్‌వేర్ (ఆట మన కంప్యూటర్‌లో ఎలా నడుస్తుందో చూసుకునేది) ఒకటి ఉంటుంది. దానిలోంచి కవచాలు, ప్రదేశాలు వంటివి వెలికితీసినవాళ్లు ఉన్నారు. ఎవరైనా ఆ మాట చెబితే వినవచ్చు, కాని బెంచ్‌మార్క్ ఇంకా రాకముందే చెబితే వినకూడదు.

ఇదే ఆటలో లీకు కాని లీకులు కూడా ఉన్నాయి. నిర్మాత, దర్శకుడు అయిన నవోకి యోషిదా అభిమానుల సభలకు వేసుకొచ్చే టీషర్టులలో సూచనలు దాచడం ఆనవాయితీ. 2014లో ఆయన బ్యాట్‌మన్ టీషర్టు వేసుకున్నాడు, తరువాత బ్యాట్‌మన్ మారుపేరే పేరుగా డార్క్ నైట్ జాబ్ (పాత్ర చేపట్టే వృత్తి) వచ్చింది. 2018లో బగ్స్ బనీ టీషర్టు వేసుకున్నాడు, కుందేలు చెవుల వియెరా జాతి వచ్చింది. ఇటువంటివి ఊహకు గట్టి ఆధారాలు, ఎందుకంటే మనం ఊహించాలనే వాటిని మన ముందు పెట్టారు. కాని వాటిని "లోపలి సమాచారం" అని ఎవరైనా అమ్మజూపితే నవ్వుకోవాలి.

వాక్యాలను విడదీయడం

ఇక అసలు పని. నేనే కల్పించిన ఒక లీకును ముందు పెట్టుకుందాం. ఇటువంటివి మీరు ఎన్నో చదివి ఉంటారు.

"మా బంధువు స్టూడియోలో పనిచేస్తున్నాడు. కొత్త ఎక్స్‌పాన్షన్‌లో సముద్రంలో మునిగిన రాజ్యానికి వెళతాం. స్థాయి పరిమితి పది పెరుగుతుంది. కొత్త జాతి ఒకటి వస్తుంది. మొదటి రెయిడ్‌లో ఎనిమిది మంది బాస్‌లు ఉంటారు. చనిపోయాడనుకున్న రాజు బతికే ఉన్నాడు. చివరి బాస్ మనం ఇన్నాళ్లూ నమ్మిన రాణి."

ఒక్కొక్క వాక్యాన్నీ తీసి, దాని పక్కన "ఎవరైనా చెప్పగలరా" అని రాసుకోవాలి. స్థాయి పది పెరుగుతుందన్నది ఎవరైనా చెప్పగలరు. ఫైనల్ ఫాంటసీ 14లో స్థాయి పరిమితి (పాత్ర ఎదగగల గరిష్ఠ స్థాయి) 50 నుంచి 60, 70, 80, 90, 100 అంటూ ప్రతి ఎక్స్‌పాన్షన్‌కూ పదేసి చొప్పునే పెరిగింది. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో కాటక్లిజం, మిస్ట్స్ ఆఫ్ పాండారియాలకు ఐదేసి పెరిగినా, ఆ ముందూ వెనకా పదే ఆనవాయితీ. ఆ వాక్యానికి సున్నా వేయండి. ఎవరైనా 2019 మొదట్లో "వచ్చే ఎక్స్‌పాన్షన్‌లో 120 ఉన్న స్థాయిని 50కి కుదించేస్తారు" అని రాసి ఉంటే దానికి వెల ఉండేది. తరువాత వచ్చిన షాడోలాండ్స్ ఎక్స్‌పాన్షన్‌తో నిజంగా అదే జరిగింది. అల్లేవాడు సాధారణంగా అంత వింత సంగతి జోలికి పోడు, తప్పయితే మిగిలిన కథనంతా ఎవరూ నమ్మరని వాడికి భయం.

కొత్త జాతి, ఎనిమిది మంది బాస్‌లు, వీటికీ సున్నాయే. ఆ రెండూ ఏ ఎక్స్‌పాన్షన్‌కు చెప్పినా నిజమయ్యే అవకాశం ఎక్కువ. అందుకే నకిలీ లీకులలో ఇటువంటివి ఎక్కువగా కలుపుతారు, రెండు మూడు నిజమైతే తక్కినవీ నిజమే అనిపిస్తాయి. చనిపోయిన రాజు తిరిగి రావడం ఫాంటసీ ఆటలలో రోజూ జరిగే పని. రాణి ద్రోహం సంగతి చివరి ప్యాచ్ దాకా, అంటే ప్రకటన తరువాత కూడా ఏడాదికి పైగా పరీక్షించడానికి వీలులేనిది. పరీక్షకు నిలబడనిదానికి మార్కు వేయడం కుదరదు, పక్కన పెట్టాలి.

మిగిలినది మునిగిన రాజ్యం ఒక్కటే. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. "మూడేళ్ల క్రితం ఫలానా క్వెస్ట్‌లో (ఆటగాడికి ఇచ్చే పనిలో) ఆ రాజ్యం ప్రస్తావన వచ్చింది కదా, లోర్‌తో (ఆట లోకపు పాత కథతో) చక్కగా అతికింది, కాబట్టి నిజమే" అంటారు. అతకడం ఆధారం కాదు. లీకు అల్లేవాడు కూడా ఆ క్వెస్ట్ చదివినవాడే. వాడికి చేతనైనదల్లా పాత లోర్‌తో అతికేలా అల్లడమే. నిజమైన ప్రకటనలు మాత్రం తరచుగా అతకవు: పాండా పరిహాసాన్ని ఒక ఖండంగా మార్చి ఎక్స్‌పాన్షన్ చేస్తారని లోర్ చదివి ఎవరు ఊహించగలరు? మరీ నున్నగా అతికిన కథను అందుకే నేను కొంచెం తక్కువగా నమ్ముతాను.

ఇంకొక గుర్తు కూడా ఉంది. నిజంగా లోపల ఉన్నవాడికి అన్నీ తెలియవు. బొమ్మలు గీసేవాడికి రెండు ప్రదేశాలు క్షుణ్ణంగా తెలిసి, కథ ఏమీ తెలియకపోవచ్చు. పరీక్షించేవాడికి ఒక డంజన్‌లోని (చిన్న బృందం వెళ్లి పోరాడే చోటులోని) మూడవ బాస్ దగ్గర తలుపు ఎలా ఇరుక్కుపోతుందో తెలిసి, ఎక్స్‌పాన్షన్ ముగింపు తెలియకపోవచ్చు. ఒక మూల మరీ వివరంగా, మరొక మూల ఖాళీగా ఉన్న లీకు నాకు కొంచెం బరువుగా అనిపిస్తుంది. జాతులు, క్లాసులు, ప్రదేశాలు, రెయిడ్లు, కథ ముగింపు అన్నీ సమానమైన వివరంతో పేరాలుగా అమరిన లీకు సాధారణంగా ఒక అభిమాని కోరికల జాబితా.

ఫైళ్లలోని మాటలను చదివేటప్పుడు

డేటామైనింగ్‌లో దొరికిన పాత్రల సంభాషణలు మిగతా లీకులకంటె ప్రమాదకరమైనవి, ఎందుకంటే అవి నిజమైనవే. మాట నిజం, మనం దానికి చెప్పుకునే అర్థం తప్పు. ఫైలులో ఆ మాట ఎవరు ఎవరితో అంటారో, ఏ సన్నివేశంలో అంటారో, ముందు వచ్చేదేదో వెనుక వచ్చేదేదో చాలాసార్లు తెలియదు. ఒకే సన్నివేశానికి రెండు మూడు పాఠాలు ఉండి, వాటిలో ఒకటే చివరికి మిగలవచ్చు. బాస్ పేరు తాత్కాలికంగా పెట్టినదే కావచ్చు.

ఒకసారి నేను ఇలాగే ఒక పాత్ర కడసారి మాటల వంటివి ఫైళ్లలో చూసి, ఆ పాత్ర చనిపోతుందని గిల్డ్‌లో (కలిసి ఆడే మా బృందంలో) గట్టిగా చెప్పాను. ఒకరిద్దరు ఆ పాత్ర మీద ప్రేమతో ఆ ప్యాచ్ ఆడటమే మానేస్తామన్నారు. తీరా ప్యాచ్ వచ్చాక తేలినదేమిటంటే, ఆ మాటలు ఒక భ్రమ సన్నివేశంలోనివి. శత్రువు ఆటగాడికి చూపించే పీడకల అది. పాత్ర నిక్షేపంగా ఉంది. గిల్డ్‌లో నా పరువే పోయింది. అప్పటినుంచి ఫైళ్లలోని మాటలను "ఈ మాట ఆటలో ఉంది" అని మాత్రమే రాసుకుంటాను, "ఇది జరుగుతుంది" అని రాయను.

బొమ్మల విషయంలో

లోగో, పటం, స్క్రీన్‌షాట్ వంటివి వస్తే వాటిని రివర్స్ ఇమేజ్ సెర్చ్‌లో పెట్టి, ఇంతకుముందు ఏదైనా అభిమాని చిత్రంగా బయటికి వచ్చాయేమో చూడాలి. కృత్రిమ మేధతో బొమ్మలు గీయడం తేలికైన తరువాత ఈ పరీక్ష ఒక్కటే చాలదు. అక్షరాలు చెదరడం, కవచం పట్టీ ఎక్కడా ముగియకుండా గాలిలో కలిసిపోవడం వంటివి కనబడితే అనుమానించండి, కనబడకపోతే మాత్రం నిజమని అనుకోకండి. స్క్రీన్‌షాట్‌లో స్పెల్ చిహ్నాలు, ఎన్‌పీసీ (ఆటగాళ్లు నడపని పాత్ర) పేరు పైన వచ్చే పట్టీ, మ్యాప్ మూల మొదలైనవి ప్రస్తుత ప్యాచ్‌లో ఎలా ఉన్నాయో పక్కన పెట్టి చూడటం ఎక్కువ ఉపయోగం. మసకగా, వంకరగా ఫోన్‌తో తీసిన ఫొటో అయితే నిజమనుకునేవాళ్లు ఉన్నారు. మసక చేయడం నకిలీ చేసేవాడికి మరీ తేలికైన పని.

ఎన్ని చోట్ల ఉందన్నది లెక్క కాదు

"ఈ సంగతి పది సైట్లలో వచ్చింది" అన్నప్పుడు ఆ పదీ ఏ ఒక్కదాన్ని చూసి రాశాయో వెనక్కి వెళ్లి పట్టుకోవాలి. 2023 జూలైలో జరిగినది దీనికి మంచి పాఠం. తమ చర్చలను యంత్రంతో ఏరి వార్తలుగా అచ్చొత్తుతున్న సైటు ఒకటి ఉందని వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆటగాళ్లు గమనించారు. వెంటనే, ఆటలోకి "గ్లోర్బో" వస్తున్నందుకు ఎంతో ఉత్సాహంగా ఉందంటూ రాయడం మొదలుపెట్టారు. గ్లోర్బో అన్నది ఆటలో ఎక్కడా లేదు, ఆ పేరు అప్పటికప్పుడు కల్పించినదే. ఆ సైటు నిజంగానే ఆటగాళ్లు గ్లోర్బో రాక కోసం ఉవ్విళ్లూరుతున్నారని వార్త వేసింది. ఇటువంటి యంత్రాలు ఇప్పుడు మరింత పెరిగాయి, కాబట్టి మొదటి పోస్టు దొరికేదాకా వెతకడం తప్పదు.

మొదటి పోస్టు దొరికాక దాని తేదీని, తరువాత దానిని మార్చారా లేదా అన్నదానిని చూడాలి. పాత ఎత్తు ఒకటుంది: ఒకే మనిషి పది ఖాతాలతో పది రకాల కథలు రాసి, ప్రకటన రాగానే తప్పిన తొమ్మిదింటినీ తుడిచేస్తాడు. మిగిలిన ఒకటి చూసి జనం జోస్యమంటారు. అందుకే లీకు వచ్చిన రోజే వెబ్ ఆర్కైవ్‌లో దాని నకలు భద్రపరచాలి, లేదా కనీసం మొత్తం పాఠాన్ని తేదీతో సహా మీ దగ్గర రాసి పెట్టుకోవాలి.

తప్పిన లీకులన్నీ అబద్ధాలు కావు

దీనికి ఎదురుగా మరొక సంగతి కూడా ఒప్పుకోవాలి. నిజమైన లీకు కూడా తప్పవచ్చు, ఎందుకంటే చేస్తున్న ఆట చేస్తుండగానే మారుతుంది. 2013 బ్లిజ్‌కాన్‌లో వార్‌లార్డ్స్ ఆఫ్ డ్రేనోర్‌ను ప్రకటించినప్పుడు కరబోర్, బ్లేడ్‌స్పైర్ అనే రెండు చోట్లు రెండు వర్గాలకు రాజధానులవుతాయని కంపెనీయే చెప్పింది. 2014 నవంబరులో విడుదలయ్యేసరికి రాజధానులు ఆష్రాన్ అనే వేరే చోటికి మారిపోయాయి. వేదిక మీద చెప్పిన మాటే నిలవనప్పుడు, అదే సంగతిని ఏడాది ముందు ఎవరైనా లోపలివాడు చెప్పి ఉంటే వాడిని అబద్ధికుడు అనవలసి వచ్చేది. తేదీలూ అంతే: షాడోలాండ్స్ 2020 అక్టోబరు 27న రావలసి ఉండి నవంబరు 23కు వాయిదా పడింది, ఫైనల్ ఫాంటసీ 14 ఎక్స్‌పాన్షన్ ఎండ్‌వాకర్ 2021 నవంబరు 23 నుంచి డిసెంబరు 7కు జరిగింది. కనుక లీకులను రాసుకునే నమోదు పుస్తకంలో "తప్పు" అన్న గుర్తుతో పాటు "మారి ఉండవచ్చు" అన్న గుర్తు కూడా పెట్టుకోవాలి. కాని దాన్ని ధారాళంగా వాడితే మొత్తం లెక్కకు అర్థం ఉండదు. కంపెనీ స్వయంగా మార్పు ఒప్పుకున్న చోట్లే వాడండి.

జాగ్రత్తలు

లీకయిన ఆట ఫైళ్లంటూ ఎవరు లింకు ఇచ్చినా దించుకోకూడదు. పుకార్ల కాలంలో వైరస్‌లు పంచేవాళ్లకు ఇంతకంటె మంచి ఎర దొరకదు. బీటా ఆహ్వానం పేరిట మెయిల్ వస్తే దానిలోని లింకు నొక్కకుండా, నేరుగా మీ ఖాతాలోకి వెళ్లి అక్కడ ఆట కనబడుతుందో లేదో చూసుకోవాలి. లీకు చేసినవాడు ఎవరో కనిపెట్టే పని మనది కాదు. గిల్డ్‌లో చెప్పాలనిపిస్తే, ముందు "స్పాయిలర్" అని రాసి, వినదలచుకోనివాళ్లకు పక్కకు తప్పుకునే వ్యవధి ఇవ్వండి. శీర్షికలోనే బాస్ పేరు పెట్టి లోపల స్పాయిలర్ హెచ్చరిక రాసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

నమోదు పుస్తకానికి నాలుగు గడులు చాలు: చెప్పిన వాక్యం, వచ్చిన దారి, రాసిన తేదీ, ఎవరైనా ఊహించగలరా అన్నది. ఫలితం కోసం ఐదవ గడి ఒకటి గీసి, అప్పటికి ఖాళీగా ఉంచాలి. ప్రకటన ప్రసారం మొదలయ్యే గంట ముందు నుంచి కొత్త వాక్యాలు చేర్చకూడదు, ఎందుకంటే ఆ గంటలోనే ప్రెస్‌కు ముందుగా ఇచ్చిన సమాచారం జారిపోయి, దాన్ని అందుకున్న ప్రతివాడూ తనకు ముందే తెలుసంటాడు. ప్రసారం ముగిశాక, ఎవరూ ఊహించలేరని రాసుకున్న వాక్యాలను మాత్రమే ముందు తీసి, ఆ ఐదవ గడి నింపడం మొదలుపెట్టండి.